థొరాంగ్ లా దాటే రోజు: కిలోమీటర్లు పక్కన పెట్టండి, ముందు రోజు సాయంత్రమే అన్నీ తేల్చుకోండి

మీ ప్రశ్న రెండు సార్లు చదివానండీ. మీరూ మీ బావగారూ అక్టోబర్ చివర్లో నేపాల్‌లో అన్నపూర్ణ సర్క్యూట్ వెళ్తున్నారు, థొరాంగ్ ఫేదీ నుంచి థొరాంగ్ లా అనే పాస్ (కొండల మధ్య కనుమ) దాటి ముక్తినాథ్ దాకా పదిహేను కిలోమీటర్లే కదా, మేము ప్రతి ఆదివారం ఇరవై నడుస్తాం, తెల్లారుజామున చీకట్లో బయల్దేరడం నిజంగా అవసరమా, ఫేదీలో పడుకోవాలా దానిపైన హై క్యాంప్‌లోనా, ఎత్తు జబ్బు రాకుండా వేసే డయామాక్స్ మాత్ర వేసుకోవాలా, నా మోకాళ్ళు తట్టుకుంటాయా, అసలు ముక్తినాథ్ వైపు నుంచే ఎక్కితే దర్శనం ముందే అయిపోద్ది కదా, ఇవీ మీరు అడిగినవి. అన్నిటికీ చెప్తాను, కాస్త పెద్దదే అవుద్ది, ఓపిగ్గా చదవండి. నేను ఆ పాస్‌కి నాలుగు సార్లు వెళ్ళాను, మూడు సార్లు దాటాను, ఒకసారి ఐదు వేల మీటర్లు దాటాక వెనక్కి దిగొచ్చేశాను. మీకు అన్నిటికంటే పనికొచ్చేది ఆ దిగొచ్చిన రోజే.

ముందు ఈ కిలోమీటర్ల సంగతి. ఫేదీ సుమారు 4,500 మీటర్ల ఎత్తులో ఉంటది, పాస్ 5,416, అవతల ముక్తినాథ్ 3,800 దగ్గర. అంటే పొద్దున తొమ్మిది వందల మీటర్లు పైకి, ఆ వెంటనే పదహారు వందల మీటర్లు కిందికి, ఒకటే రోజులో. 1892లో విలియం నైస్మిత్ అని స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు, గంటకి ఐదు కిలోమీటర్లు వేసుకోండి, ఎక్కే ప్రతి 600 మీటర్లకీ ఇంకో గంట కలుపుకోండి అని, ఇప్పటికీ కొండల్లో తిరిగేవాళ్ళు టైం అంచనాకి దాన్నే వాడతారు. ఆ లెక్కన ఫేదీ నుంచి పాస్‌కి మూడు గంటలు కూడా పట్టకూడదు. నాకు ఎప్పుడూ ఐదు గంటల లోపు అవ్వలేదు, మొదటిసారి ఆరు పట్టింది, అప్పుడు నా వయసు ఇరవై ఎనిమిది. ఆయన లెక్కలో తప్పేం లేదు, అది గాలి నిండుగా ఉన్న కొండలకి చెప్పిన లెక్క. పాస్ దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఆక్సిజన్ పాళ్ళు అక్కడా 21 శాతమే, కానీ గాలే పలచబడిపోయింది కాబట్టి ఒక్కో ఊపిరికి లోపలికొచ్చేది సగమే, అందుకే నాలుగడుగులు వేసి ఆగి రొప్పుతారు, మీరు ఆదివారాలు ఎంత నడిచినా సరే. ఆ నడక వృథా అని కాదు, అది కాళ్ళకి పనికొస్తది, గాలి కొరతకి మాత్రం అలవాటుపడే రోజులే మందు, వాటిని కండతో కొనలేం.

ఇంకో మాట, ఇదే నేను అసలు చెప్పాలనుకున్నది. పాస్ రోజు కష్టం అనగానే అందరూ కాళ్ళనీ ఊపిరినీ తలుచుకుంటారు. ఐదు వేల మీటర్ల పైన ముందు మందగించేది బుర్ర. చలి, నిద్రలేమి, తిండి సరిగ్గా దిగకపోవడం, ఆక్సిజన్ తక్కువ, అన్నీ కలిసి ఆలోచన మొద్దుబారిపోద్ది, పైగా మొద్దుబారిందని మనకే తెలీదు, అంతా బానే ఉందనిపిస్తది. ఆ రోజు తీసుకోవాల్సిన నిర్ణయాలు చూస్తే చాలానే ఉంటాయి, వెళ్దామా ఆగుదామా, ఇంకో అరగంట చూద్దామా, వీడి తలనొప్పి మామూలుదా కాదా, మబ్బు పట్టింది తిరిగిపోదామా అని. ఇన్నిటినీ ఆ బుర్రతో తేల్చుకోవాలి. అందుకని నేను ఎవరికి చెప్పినా ఇదే చెప్తా, పాస్ రోజు నిర్ణయాలేవీ పాస్ రోజు తీసుకోకూడదు, ముందు రోజు సాయంత్రం ఫేదీలో వెచ్చగా కూర్చుని, కడుపులో ఇంత పడ్డాక, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని తేల్చేసుకోవాలి. మర్నాడు దాన్ని అమలు చేయడమే మీ పని.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తా. రెండోసారి వెళ్ళినప్పుడు నాతో కాలేజీ స్నేహితుడు వచ్చాడు, నాకంటే గట్టివాడు, రోజూ పరిగెత్తే మనిషి. లీవు తక్కువుందని, ఎత్తుకి అలవాటుపడడానికి ఆగాల్సిన మనాంగ్ ఊళ్ళో ఒక్క రాత్రే ఆగాం, అక్కడే తప్పు మొదలైంది. ఫేదీలో రాత్రి అన్నం ముందు పెట్టుకుని గెలికాడు గానీ తినలేదు, తలనొప్పి అన్నాడు, మాత్ర వేసుకున్నాడు, కాసేపటికి తగ్గిందన్నాడు, నేనూ సరేననుకున్నాను. పొద్దున నాలుగింటికి బయల్దేరాం. హై క్యాంప్ దాటాక ఓ గంటకి ఆగి గ్లవ్స్ తీసి నీళ్ళు తాగాడు. మళ్ళీ తొడుక్కుంటున్నాడు, కుడి చేతి గ్లవ్ ఎడమ చేతికి పెడుతున్నాడు, బొటనవేలికి దారి దొరకట్లేదు, తీసి ఓసారి చూసుకుని మళ్ళీ అదే చేతికి పెడుతున్నాడు, హెడ్‌ల్యాంప్ వెలుగులో మూడు సార్లు అదే జరిగింది. చలికి వేళ్ళు మొద్దుబారాయేమో అనుకుని నేను నవ్వాను కూడా. నాలుగోసారి అతని మొహం చూశాను, చిరాగ్గా ఉంది, ఆ గ్లవ్ మీద కోపంగా ఉన్నాడు. అప్పుడు భయమేసింది. ఒక కాలి బొటనవేలికి రెండో కాలి మడమ ఆనించి గీత మీద నడిచినట్టు పది అడుగులు వెయ్యరా అన్నాను. రెండో అడుగుకే పక్కకి తూలాడు. నేను బానే ఉన్నా, ముందు నువ్వు నడు అని కసిరాడు.

తలనొప్పి, వాంతి వచ్చేట్టుండడం, నీరసం, ఇవి ఎత్తు పడక వచ్చే మామూలు జబ్బు, ఏఎంఎస్ అంటారు. అడుగు తడబడడం, మాటా చేతా పొంతన తప్పడం మొదలైందంటే అది వేరు, మెదడులో వాపు మొదలైనట్టు లెక్క, దాన్ని హేస్ అంటారు, గంటల్లో మనిషి పోతాడు. దానికి మందు కిందికి దిగడమే. మా గైడ్ ఒక్క క్షణం కూడా వాదించలేదు, స్నేహితుడి బ్యాగు తనే తగిలించుకుని చెయ్యి పట్టుకుని తిప్పేశాడు. ఫేదీకి వచ్చేసరికే మాట తేటపడింది, అక్కడ ఆగకుండా ఇంకా కిందున్న లేదర్ దాకా దిగిపోయాం, సాయంత్రానికి ఆకలేస్తోందన్నాడు. ఆ గ్లవ్ సంగతి ఇప్పటికీ తనకి గుర్తు లేదు, నేను చెప్తే తప్ప. అదే ఇందాక అన్నది, తనకి తెలీదు. ఫేదీలో అన్నం ముట్టనప్పుడే మేం ఆగిపోయి ఉండాల్సింది, ఆ రాత్రి ఇద్దరం మామూలుగా కూర్చుని మాట్లాడుకుని ఉంటే అదే తేలేది.

కాబట్టి మీరూ బావగారూ ఆ సాయంత్రం తేల్చుకోవాల్సినవి ఇవీ. మొదటిది, తలనొప్పి ఉండి దాంతోపాటు తిండి సయించకపోవడమో కళ్ళు తిరగడమో ఉంటే రేపు వెళ్ళట్లేదు, అంతే, ఇంకో రాత్రి ఫేదీలోనే, పొద్దుటికీ తగ్గకపోతే కిందికి. నొప్పి మాత్ర వేసుకుంటే తగ్గింది కదా అని పైకెళ్ళడం నేను చేసిన తప్పే, మీరు చెయ్యకండి, మాత్ర నొప్పిని తగ్గిస్తది, ఎత్తుని తగ్గించదు. రెండోది, వెనక్కి తిరిగే టైం. మేము ఇప్పుడు పదకొండు పెట్టుకుంటాం, పదకొండుకి పాస్ మీద లేకపోతే ఎంత దగ్గర్లో ఉన్నా తిరగడమే. పాస్ అదిగో కనిపిస్తోంది కదా అనుకోడానికి కూడా ఉండదు అక్కడ, థొరాంగ్ లాకి దొంగ శిఖరాలు చాలా, ఇదే చివరిది అనుకుని ఎక్కుతారు, ఎక్కితే ఇంకోటి కనపడద్ది, మళ్ళీ ఇంకోటి, మనసు విరిగిపోయేది అక్కడే. మూడోది, మీ ఇద్దర్లో ఎవరు ఆగుదాం అన్నా రెండోవాళ్ళు ఎందుకని అడక్కూడదు. బావా బావమరుదుల మధ్య ఇది ఇంకా ముఖ్యమండీ, ఒకరి ముందు ఒకరు తగ్గకూడదని ఇద్దరికీ ఉంటది, అది అందరికీ ఉండేదే, అందుకే ముందే మాట అనుకోవాలి. గైడ్ చెప్తే మాత్రం ఇద్దరిదీ ఒకటే సమాధానం, సరే అని.

నాలుగోది గుర్రం. ఫేదీలోనూ హై క్యాంప్‌లోనూ గుర్రాలు దొరుకుతాయి, నడవలేనివాళ్ళని పాస్ దాకా ఎక్కిస్తారు. కాళ్ళు నొప్పులున్నవాళ్ళు, బలం చాలనివాళ్ళు ఎక్కితే తప్పు లేదు. ఒంట్లో బాగోలేని మనిషిని గుర్రమెక్కించి పైకి పంపడం మాత్రం చాలా ప్రమాదం, ఆ మనిషికి కావాల్సింది ఎత్తు తగ్గడం, మనం డబ్బులిచ్చి మరీ ఇంకా ఎత్తుకి తోలుతున్నాం. పాస్ దాటితే అవతల దిగుడే కదా అంటారు. నిజమే, కానీ ఆ దాటేదాకా పోయే మూడు నాలుగు గంటలే అతనికి లేని టైం. వెనక్కి తిరిగితే గంటలో ఐదు వందల మీటర్లు దిగిపోతారు.

ఇక ఫేదీనా హై క్యాంపా. హై క్యాంప్ 4,900కి దగ్గర్లో ఉంటది, ఫేదీ పైన నిట్టనిలువు జిగ్‌జాగ్ దారి, గంట నుంచి గంటన్నర. అక్కడ పడుకుంటే చీకట్లో ఆ నిలువు ఎక్కుడు తప్పుద్ది, నిజమే. కానీ మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి ఐదు వందలకి మించి పెరగకూడదు, ప్రతి మూడు నాలుగు రోజులకీ ఒక రోజు ఆగాలి, ఇది ఎత్తు జబ్బు మీద పనిచేసే డాక్టర్లందరూ చెప్పే మాట. ఫేదీకి ముందు రాత్రి ఆగే యాక్ ఖర్కా 4,050. అక్కడి నుంచి ఫేదీకే నాలుగొందల యాభై అయిపోయింది. ఫేదీలో భోజనం చేసి ఇంకా టైం ఉంది కదా అని హై క్యాంప్‌కి ఎక్కేస్తే ఒక్క రోజులో ఎనిమిది వందల యాభై, తలనొప్పితో రాత్రంతా కూర్చునేవాళ్ళని అక్కడ ఎంతమందినో చూశాను. నేనైతే మధ్యాహ్నం ఫేదీలో సామాను పడేసి, ఖాళీ చేతుల్తో హై క్యాంప్ దాకా మెల్లగా ఎక్కి, టీ తాగి, మళ్ళీ ఫేదీకి దిగొచ్చి పడుకుంటా. ఒంటికి ఎత్తు రుచి చూపించినట్టూ ఉంటది, మర్నాడు చీకట్లో నడిచే దారి పగలే చూసినట్టూ ఉంటది. మనాంగ్‌లో మాత్రం రెండు రాత్రులు తప్పనిసరి అనుకోండి, అక్కడ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ళ క్లినిక్ ఉంది, సీజన్లో మధ్యాహ్నం పూట ఎత్తు జబ్బు గురించి డాక్టర్లు కూర్చోబెట్టి చెప్తారు, వెళ్ళి వినండి, బావగారిని కూడా తీసుకెళ్ళండి, నేను చెప్తే విననివాళ్ళు కూడా వాళ్ళు చెప్తే వింటారు.

రాత్రి నిద్రలో ఊపిరి ఆగినట్టయి ఒక్కసారిగా ఎగపీల్చి లేస్తారు, గుండె దడదడలాడుద్ది. అది ఆ ఎత్తులో చాలామందికి వచ్చేదే, ఊపిరి వేగంగా తీసి తీసి కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతే ఊపిరి తీయమనే సంకేతం కాసేపు ఆగుద్ది, అంతే. దానికి భయపడొద్దు. కూర్చుని ఉన్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గు, ఛాతీలో గురగుర ఉంటే మాత్రం అది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే దిగాలి.

డయామాక్స్ గురించి క్లుప్తంగా. అది పనిచేస్తది. మూత్రం ద్వారా బైకార్బనేట్ పోయేట్టు చేసి ఊపిరి ఎక్కువ తీసుకునేలా చేస్తది, అంటే ఒళ్ళు తనంతట తాను రోజులు తీసుకుని చేసే పనిని తొందరపెడతది. జబ్బు లక్షణాల్ని దాచేస్తదని కొందరంటారు, అది నిజం కాదు. ముందు జాగ్రత్తగా మామూలుగా ఇచ్చేది 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎత్తుకెక్కడానికి ముందు రోజు నుంచే, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువవుద్ది. సల్ఫా మందులు పడకపోతే, కిడ్నీ ఇబ్బందులుంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి, ఎలాగూ డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టకండి. అది వేసుకున్నాం కదా అని మనాంగ్‌లో ఒక రాత్రి తగ్గించుకోవడం మాత్రం కుదరదు.

టైం విషయం. ఆరింటికి బయల్దేరితే సరిపోదా అన్నారు, సరిపోదు, అలాగని రెండింటికీ మూడింటికీ లేచి పోవడం కూడా నాకిష్టం లేదు. పొద్దెక్కేకొద్దీ పాస్ మీద గాలి లేస్తది, పది దాటాక నిలబడనివ్వదు, అవతల కాళీ గండకీ లోయ మధ్యాహ్నం గాలులకి పేరుపడింది. తెల్లారుజామున మంచు గడ్డకట్టి గట్టిగా ఉంటది, ఎండ పడ్డాక మెత్తబడి కాలు దిగబడద్ది. కాబట్టి ముందే వెళ్ళాలి. కానీ సూర్యోదయానికి ముందు గంటే అన్నిటికంటే చలి, మరీ ముందు బయల్దేరితే ఆ చలి గంటల్ని ఇంకా ఎక్కువ ఎత్తులో, ఇంకా నెమ్మదిగా నడుస్తూ గడుపుతారు, వేళ్ళు కొరికేసే చలి అది. ఫేదీ నుంచైతే నాలుగు, హై క్యాంప్ నుంచైతే ఐదు, నాకు కుదిరిన టైమ్‌లు ఇవి.

బయల్దేరేటప్పుడు కొంచెం చలేస్తూ ఉండాలి, ఉన్నవన్నీ తొడుక్కుని బయల్దేరితే ఇరవై నిమిషాల్లో లోపల చెమట పడద్ది, ఆ తడి మీద పాస్ గాలి తగిలితే ఇంకేం వేసుకున్నా వెచ్చబడరు. నీళ్ళు బ్యాగులో పైపు పెట్టుకుని తాగే సంచి తీసుకెళ్తే ఆ పైపు మొదటి గంటలోనే గడ్డకడద్ది, నాది పళ్ళతో కొరికితే లోపల మంచు పలుకులు విరిగిన చప్పుడు వినపడింది, ఆ రోజు పాస్ దాకా గొంతు ఎండిపోయింది. మామూలు బాటిల్ తీసుకోండి, రాత్రి వేడినీళ్ళు పోసి సాక్స్‌లో దూర్చి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి, పొద్దున బ్యాగులో తలకిందులుగా పెట్టండి, గడ్డకట్టడం పైనుంచి మొదలవుద్ది కాబట్టి మూత వైపు నీళ్ళుగానే ఉంటాయి. హెడ్‌ల్యాంప్ బ్యాటరీలు, ఫోను కూడా మీతోపాటే పడుకోవాలి. అక్టోబర్ చివర్లో మంచు ఉండొచ్చు ఉండకపోవచ్చు, షూస్‌కి తగిలించుకునే మైక్రోస్పైక్స్ మాత్రం పెట్టుకెళ్ళండి. చీకట్లోనే నల్లద్దాలు చొక్కా జేబులో ఉండాలి, ఎండ పడ్డాక వెతుక్కునేలా బ్యాగు అడుగున కాదు. ప్రతి వెయ్యి మీటర్లకీ అల్ట్రావయొలెట్ పది శాతం పైనే పెరుగుద్ది, కొత్త మంచు ఎనభై శాతం దాకా వెనక్కి కొడతది, అద్దాలు లేకుండా నడిస్తే ఆ సాయంత్రం కళ్ళల్లో ఇసుక పోసినట్టు ఉంటది.

నడక ఎలా అంటే, మీకు సిగ్గనిపించేంత మెల్లగా. నిజంగానే చెప్తున్నా. వెనక కాలు మోకాలు బిగించి దాని మీద బరువంతా ఎముక మీద ఆన్చి ఒక్క క్షణం ఆగాలి, ముందు కాలికి ఆ క్షణం విశ్రాంతి, ఒక ఊపిరి, తర్వాత అడుగు. మొదటి పది నిమిషాల్లో అందరూ మిమ్మల్ని దాటిపోతారు, పోనివ్వండి. పది అడుగులు గబగబా వేసి రెండు నిమిషాలు కర్ర మీద వాలి రొప్పడం కంటే ఆగకుండా ఇలా పాకడమే తొందరగా చేరుస్తది, ఒళ్ళు కూడా చల్లబడదు. మాట్లాడుతూ నడవగలిగితే మీ వేగం సరిగ్గా ఉన్నట్టు, ఒక వాక్యం పూర్తిచేయలేకపోతే ఇంకా తగ్గించండి. ఆకలేయదు, అయినా గంటకోసారి నాలుగు ఎండుద్రాక్షో ఒక బిస్కెట్టో నోట్లో వేసుకోవాలి, వాచీలో అలారం పెట్టుకోండి, ఆ బుర్రకి గుర్తుండదు.

వాతావరణం గురించి మీరు అడగలేదు, నేను చెప్పకుండా ఉండలేను. 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను గురించి మనవాళ్ళకి ఎవరికీ చెప్పక్కర్లేదు. అది అక్కడితో అయిపోలేదండీ. బలహీనపడి ఉత్తరానికి పోయి, రెండు రోజుల తర్వాత 14న హిమాలయాలకి కొట్టుకుని థొరాంగ్ లా చుట్టుపక్కల మంచు తుఫానై కురిసింది. ట్రెక్కింగ్‌కి ఏడాదిలో అన్నిటికంటే మంచిదనుకునే వారాలవి, దారి నిండా జనం. కనీసం 43 మంది చనిపోయారు, ట్రెక్కర్లూ గైడ్లూ పోర్టర్లూ అక్కడి ఊళ్ళవాళ్ళూ. పాస్ మీద ఒక చిన్న టీ గుడిసె ఉంటది, చాలామంది అందులో ఇరుక్కున్నారు, అక్కడి నుంచి ముక్తినాథ్ వైపు దిగబోయినవాళ్ళలో ఎంతోమంది ముందు మనిషి కూడా కనపడని ఆ తెలుపులో దారి తప్పిపోయారు. వాళ్ళు మనకంటే తెలివి తక్కువవాళ్ళు కాదు. ఊపిరాడక, తడిసి, భయపడి, ఉండాలా పోవాలా అనేది అక్కడికక్కడ తేల్చుకోవాల్సి వచ్చింది వాళ్ళకి. నేను మూడోసారి వెళ్ళినప్పుడు ఆ గుడిసె ముందు నిలబడి చూశాను, చుట్టూ నాలుగడుగుల దాకా దారి స్పష్టంగా ఉంది, మంచు పడితే ఆ వెడల్పాటి బోర్లించిన పళ్ళెం లాంటి చోట ఎటు దిగాలో చెప్పడానికి ఒక్క గుర్తూ ఉండదు.

అక్టోబర్, నవంబర్ బంగాళాఖాతానికి తుఫాన్ల కాలం. కాబట్టి మీరు కొండల్లో ఉన్నా సముద్రం వార్త చూడాలి. మనాంగ్‌లో నెట్ దొరికినప్పుడు బంగాళాఖాతంలో వాయుగుండం ఉందా, ఎటు పోతోంది అని చూడండి, ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పి పెట్టండి, రోజూ ఒక మెసేజ్ పెట్టమని. అది ఉత్తరానికి తిరిగేట్టుంటే మనాంగ్ దాటకండి, దాటి ఉంటే కిందికి రండి. కొత్త మంచు బాగా పడ్డాక ఆకాశం తేటపడగానే పరిగెత్తకూడదు, ఒకటి రెండు రోజులు ఆగాలి, వాలులు అప్పుడే జారతాయి. ఇందుకోసం టికెట్లలో రెండు రోజులు ఖాళీ పెట్టుకోండి, ఆ ఖాళీ లేనివాళ్ళే పోనీలే అని బయల్దేరతారు, నేనూ ఒకప్పుడు ఆ లీవు లెక్కతోనే స్నేహితుడిని తీసుకెళ్ళాను.

ముక్తినాథ్ నుంచి ఎక్కడం వద్దు. 3,800 నుంచి 5,416కి ఒక్క రోజులో పదహారు వందల మీటర్లు, మధ్యలో 4,200 దగ్గర చరబు అనే చోట రెండు మూడు టీ ఇళ్ళు తప్ప నిలబడడానికి ఏమీ ఉండదు. మనాంగ్ వైపు నుంచి వస్తే ఎత్తు రోజుకింత రోజుకింత పెరుగుతూ వస్తది. దర్శనం చివర్లో అవ్వనివ్వండి.

పాస్ మీద జెండాలు, బోర్డు, ఫోటోలు, పావుగంట చాలు. అందరూ అక్కడ ఒకరినొకరు కావలించుకుని ఏడుస్తారు, నేనూ ఏడ్చాను. అయితే అప్పటికి ఆ రోజు పనిలో సగమే అయింది, కాళ్ళ సంగతికొస్తే ఇప్పుడే మొదలు. మీ మోకాళ్ళ ప్రశ్న ఇక్కడిది. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూ బరువుని పట్టి ఆపాలి, ఎక్కేటప్పుడు చేసే పనికంటే అది కండకి ఎక్కువ గాయం చేస్తది, పదహారు వందల మీటర్లు అలా ఆపి ఆపి ఆ కండ అలిసిపోయాక బరువంతా మోకాలి మీద పడద్ది. చదును మీద ఇరవై కాదు నలభై నడిచినా దీనికి తయారవ్వరు. దీనికి తయారీ ఒకటే, దిగడం. లిఫ్ట్ ఉన్న ఎత్తైన బిల్డింగ్ చూసుకుని ఎనిమిది కేజీల బ్యాగుతో లిఫ్ట్‌లో పైకెళ్ళి మెట్లు దిగండి, మళ్ళీ లిఫ్ట్, మళ్ళీ దిగుడు, వారానికి రెండు సార్లు. మొదటిసారి మూడు రోజులు కూర్చోలేరు లేవలేరు, రెండోసారికి ఆ నొప్పి సగం కూడా ఉండదు, కండ ఒకసారి దెబ్బతిని నేర్చుకుంటది, ఆ గుణం కొన్ని వారాలు నిలుస్తది. బయల్దేరడానికి వారం పదిరోజుల ముందు ఆపేయండి.

పాస్ మీదే షూ లేసులు చీలమండ దగ్గర బిగించి మళ్ళీ కట్టండి, లేకపోతే పాదం ముందుకి జారి బొటనవేళ్ళు కొట్టుకుంటాయి, గోళ్ళు రెండు రోజుల ముందే కత్తిరించుకోవాలి, ఒక ట్రిప్పులో నాకు రెండు గోళ్ళు నల్లబడి ఊడిపోయాయి. కర్రలు ఒక ఐదు పది సెంటీమీటర్లు పొడవు పెంచండి, అడుగు కంటే ముందు కర్ర పడాలి. చిన్న చిన్న అడుగులు, మోకాలు ఎప్పుడూ కొంచెం వంచే ఉండాలి. నీడ వైపు పలచటి గాజు లాంటి మంచు ఉంటది, ఎండ వైపు వదులు రాళ్ళు, రెండింటి మీదా మడమ కొట్టి నడవకూడదు. జారిపడేవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే పడతారు, పాస్ అయిపోయింది కదా అని మనసు వదిలేస్తది కాబట్టి. చరబులో అరగంట కూర్చోండి, వేడిగా ఏదైనా తాగండి, కడుపునిండా తినండి, అప్పటికి ఆకలి తిరిగొస్తది. అక్కడి నుంచి తల ఎత్తితే ధౌలగిరి కనపడద్ది, 8,167 మీటర్లు, నిలబడి చూడండి, నడుస్తూ చూడకండి.

ముక్తినాథ్‌కి చేరేసరికి మధ్యాహ్నం రెండు మూడు అవుద్ది. గుడి దారిలోనే తగులుద్ది, 108 ధారలు పక్కనే, బావగారు ఆ సాయంత్రమే స్నానం చేసేద్దాం అంటారు, నాతో వచ్చినవాళ్ళందరూ అన్నారు. ఆ రోజు వద్దండీ. ఒంట్లో నీళ్ళు లేవు, తిండి సరిగ్గా లేదు, పొద్దున్నుంచి చలిలో ఉన్నారు, ఆ మంచు నీళ్ళ కింద నూట ఎనిమిది సార్లు తల పెడితే వణుకు పట్టుకుని ఆగదు. దణ్ణం పెట్టుకుని గుడి కింద ఊరు రాణీపౌవాకి దిగిపోండి, తినండి, పడుకోండి, పొద్దున ఎండెక్కాక మెల్లగా మళ్ళీ ఎక్కి రండి, అప్పుడు చెయ్యండి. మెట్లు ఎక్కడం బానే ఉంటది, దిగేటప్పుడు మాత్రం కర్రలు తీసుకెళ్ళడం మర్చిపోకండి.

మనాంగ్ నుంచి ఏ రాత్రి ఎక్కడ పడుకోవాలనుకుంటున్నారో మీ ప్లాను ఇక్కడ రాయండి, ఎత్తులు పక్కన వేసి చూసి చెప్తాను.